సోయా పాలు, మూడో నంబరు ఫ్యాను

నరసరావుపేట దస్త్రాల పునఃపరిశీలన కార్యాలయంలో ఫ్యాన్ కిందకి చేరడానికి సామ్రాజ్యానికి పందొమ్మిదేళ్లు పట్టింది.

ఆ ఆఫీసులో జీతం ప్రభుత్వం ఇస్తుంది, ప్రమోషన్ కమిటీ ఇస్తుంది, ఫ్యాన్ మాత్రం సీనియారిటీ ఇస్తుంది. కొత్తగా చేరినవాళ్లు తలుపు పక్కన, నీళ్ల డ్రమ్ము దగ్గర కూర్చుంటారు. ఎవరైనా రిటైరైనప్పుడల్లా అందరూ ఒక కుర్చీ ముందుకు జరుగుతారు. వీడ్కోలు సభలో శాలువా కప్పుతుండగానే వెనకాల బల్లలు ఈడ్చుకునే చప్పుడు వినిపిస్తుంది. సామ్రాజ్యం డ్రమ్ము దగ్గర్నుంచి బీరువా పక్కకి, బీరువా పక్కనుంచి కిటికీ దగ్గరికి, అక్కణ్నుంచి మూడో నంబరు ఫ్యాన్ కిందకి వచ్చింది. సూపరింటెండెంట్ అయింది. అప్పటికి ఆమెకు యాభై ఒకటి. ఆ నెలలోనే ఆమెకు ఒంట్లోంచి ఆవిర్లు మొదలయ్యాయి.

ఫైలు చదువుతూ ఉండగా గుండెల దగ్గర ఎవరో పొయ్యి అంటించినట్టుండేది. సెగ మెడ మీదుగా చెవుల దాకా పాకేది. జాకెట్టు తడిసేది. కాసేపటికి చలి వేసేది. నెలసరి ఆగిపోయే వయసులో ఇది మామూలేనని ఆమెకు తెలుసు. ఎవరితోనూ అనలేదు. తలెత్తి ఫ్యాన్ వైపు చూసేది. ఫ్యాన్ తిరుగుతూ ఉండేది. వాళ్లిద్దరి మధ్య వ్యవహారం అంతటితో ముగిసేది.

అలా రెండేళ్లు గడిచాక, మార్చి చివర్లో డిప్యూటీ డైరెక్టర్ పరాంకుశరావు విజయవాడలో ఒక సదస్సుకు వెళ్లొచ్చాడు. 'మధ్యవయసు మహిళా ఉద్యోగులు, సోయా ఆవశ్యకత' అని దాని పేరు. మధ్యవయసు మహిళా ఉద్యోగిని పంపమని పైనుంచి రాశారు. హోటల్లో భోజనం, బత్తా ఉన్న సదస్సు కాబట్టి అధికారి స్వయంగా వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక జనపనార సంచి, ఒక పెన్ను, ఒక నమ్మకం తెచ్చుకున్నాడు.

అదే వారం కరెంటు వాడకం ఎక్కువైందని ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాశారు. ఆ కాగితం, సదస్సు కాగితం ఆయన బల్ల మీద పక్కపక్కన పడ్డాయి. ఇంకో అధికారి అయితే వాటిని రెండు ఫైళ్లలో పెట్టేవాడు. పరాంకుశరావు ఒకే ఫైలులో పెట్టాడు.

ఏప్రిల్ మొదటి సోమవారం సెక్షన్ హాల్లో పథకం ప్రారంభమైంది. దీపం వెలిగించాలని ఫ్యాన్లు ఆపారు. మొదటి పుల్ల కిటికీ గాలికి ఆరిపోయింది కాబట్టి కిటికీలు కూడా మూశారు. నలభై అయిదేళ్లు దాటిన మహిళలను ముందు వరుసలో కూర్చోబెట్టి మెడలో 'లబ్ధిదారు' అని రాసిన అట్టముక్కలు వేశారు.

పరాంకుశరావు మైకు అందుకున్నాడు.

"సోయా గింజయందు ఐసోఫ్లేవోన్లు అను పదార్థములు కలవు. ఇవి స్త్రీ హార్మోనును పోలి ఉంటాయి. వయసు రీత్యా సదరు హార్మోను విధుల నుంచి తప్పుకున్నప్పుడు శరీరంలో ఖాళీలు ఏర్పడతాయి. ఆ ఖాళీలలో ఐసోఫ్లేవోన్లు ఇన్‌చార్జిగా బాధ్యతలు స్వీకరిస్తాయి. తద్వారా తాపం ఉపశమిస్తుంది. ఇది శాస్త్రం."

సామ్రాజ్యం పక్కన కూర్చున్న సీనియర్ అసిస్టెంట్ మస్తాన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇన్‌చార్జి అంటే సంతకాలు పెట్టేవాడేగా అక్కా. పని చేసినోణ్ని నేనైతే చూళ్లా."

"ఊరుకోవే, ఇటే చూస్తన్నాడు."

ఒక్కొక్కరికీ ఒక ప్యాకెట్ సోయా పాలు ఇచ్చారు. తాగుతుండగా ఫొటో తీశారు. చిక్కుళ్లు నానేసిన నీళ్లలో యాలక్కాయ పడేసినట్టుందని సామ్రాజ్యానికి అనిపించింది. మొహాన చెమట కారుతుంటే ఫొటో తీసేవాడు "నవ్వండి మేడమ్" అన్నాడు. ఆమె నవ్వింది.

సభ అయ్యాక మగవాళ్ల వైపు ఫ్యాన్లు తిరగడం మొదలుపెట్టాయి. సామ్రాజ్యం తన కుర్చీ దగ్గరికి వచ్చేసరికి దాని పక్కన నిచ్చెన వేసి ఉంది. అటెండరు ఏడుకొండలు పైన ఉన్నాడు.

"ఏమయ్యా ఏడుకొండలూ, అక్కడేం చేస్తన్నావ్?"

"ఫ్యాన్ దించమన్నారండి."

"పాడైందా?"

"ఫ్యాన్‌కేం రోగమండీ. తమరికి నయమైందంటగా."

సామ్రాజ్యం అధికారి గదిలోకి వెళ్లింది. అక్కడ ఏసీ ఉంది. దాని చప్పుడుకి ఆయన కాస్త గట్టిగా మాట్లాడతాడు.

"రండి రండి సామ్రాజ్యం గారూ. ఎలా ఉంది ఉపశమనం?"

"ఫ్యాన్ తీసేశారండీ."

"తీసేయలేదండీ. మీరు మాటలు జాగ్రత్తగా వాడాలి. పునర్వినియోగం. లబ్ధిదారుకు పాలు అందిన తేదీ నుంచి తాపం తగ్గినట్లు పరిగణించబడుతుంది. తగ్గిన తాపానికి ఫ్యాన్ తిప్పితే ఆడిట్‌కు నేనేం జవాబు చెప్పాలి?"

"పరిగణించేది ఎవరండీ?"

"కార్యాలయం."

"ఆవిర్లొచ్చేది నాకండీ."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం. దాన్ని నేను గౌరవిస్తాను."

"మరి ఆ ఫ్యాన్ ఎక్కడికి పోతాందండీ?"

"స్టోరు గదికి. పాలు చల్లని చోట నిల్వ చేయవలెనని సరఫరాదారు రాశాడు. ఎండాకాలం కదండీ, పాలు తట్టుకోలేవు."

మూడో నంబరు ఫ్యాన్ ఆ సాయంత్రమే స్టోరు గదిలో పాల పెట్టెల మీద తిరగడం మొదలుపెట్టింది. హాల్లో సామ్రాజ్యం తల మీద ఇనుప కొక్కెం మిగిలింది. పల్నాటి ఎండలు అప్పటికే ముదురుతున్నాయి. ఆమె అట్టముక్కతో ఒక చేత్తో విసురుకుంటూ ఇంకో చేత్తో రాసేది. ఒకరోజు ఆవిరి వచ్చిన సమయంలో ఒకే పేరా మూడుసార్లు రాసి పైకి పంపింది. పైవాళ్లు మూడు పేరాలకూ మూడు వేర్వేరు ప్రశ్నలు వేశారు.

స్టోరు గది సంగతి మొదట కనిపెట్టింది మస్తాన్‌బీ. ప్యాకెట్లు తేవడానికి వెళ్లి ఎంతకీ రాలేదు. సామ్రాజ్యం వెతుక్కుంటూ వెళ్లింది. మస్తాన్‌బీ పాల పెట్టె మీద కూర్చుని, చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని ఉంది. పైన మూడో నంబరు తిరుగుతోంది.

"ఇదేంది మస్తానూ?"

"తలుపెయ్యక్కా. గాలి బయటికి పోద్ది."

మర్నాటి నుంచి లబ్ధిదారులంతా ఫైళ్లు తీసుకుని స్టోరు గదికి వెళ్లడం మొదలుపెట్టారు. పెట్టెల మీద కూర్చుని రాసుకున్నారు. పేరాలు మళ్లీ ఒక్కోసారే రాశారు. మధ్యాహ్నం అక్కడే క్యారేజీలు విప్పారు. ఈ సంగతి పరాంకుశరావు దాకా వెళ్లింది. ఆయన వచ్చి తలుపు సందులోంచి చూశాడు. పాల మధ్య మహిళలు కనిపించారు.

"ఏడుకొండలూ, చూశావుటయ్యా! పాలను వదిలి ఉండలేకపోతున్నారు. క్షేత్రస్థాయిలో స్పందన అంటే ఇది."

సరఫరా రెట్టింపు చేయమని ఆరోజే రాశాడు. పై వారం లారీ వచ్చింది. పెట్టెలు గదిలో నేల నుంచి ఫ్యాన్ రెక్కల దాకా నిండాయి. లోపలికి దూరడానికి ఏడుకొండలుకే ఒళ్లు ఒదగలేదు. మహిళలు మళ్లీ హాల్లోకి, కొక్కెం కిందకి వచ్చారు.

సామ్రాజ్యం అర్జీ పెట్టింది. పాలు క్రమం తప్పకుండా తాగుతున్నా తాపం తగ్గలేదనీ, ఫ్యాన్ తిరిగి ఇప్పించమనీ రాసింది. పరాంకుశరావు ఆ అర్జీని వైద్య అభిప్రాయానికి పంపాడు. ఏరియా ఆస్పత్రి నుంచి డాక్టర్ ఫ్లోరెన్స్ వచ్చింది. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి. హాల్లోకి అడుగు పెడుతూనే పైకి చూసింది.

"ఇక్కడ ఫ్యాన్ ఏదమ్మా?"

"పాలకిచ్చారండి," అంది మస్తాన్‌బీ.

డాక్టరు సామ్రాజ్యం నాడి చూసింది, బీపీ చూసింది. తర్వాత పరాంకుశరావుకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"సోయా మంచి తిండేనండీ. అందులో మీరు చెప్పే ఐసోఫ్లేవోన్లూ ఉన్నాయి. చూడ్డానికి హార్మోన్‌లాగే ఉంటాయి గానీ దానంత బలం లేదు. వారాల తరబడి తీసుకుంటే కొంతమందికి ఆవిర్లు కాస్త తగ్గుతాయి. చాలామందికి తేడా తెలీదు. పేగుల్లో ఒక రకం సూక్ష్మజీవులు ఉన్నవాళ్లకి దాని పని ఇంకొంచెం బాగుంటుందంటారు, అదీ అందరిలో ఉండవు. ఈ మస్తాన్‌బీ గారు థైరాయిడ్ మాత్ర వేసుకుంటారంట, ఆ మాత్రకీ ఈ పాలకీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉండాలి. ఇష్టమైనవాళ్లని తాగనివ్వండి. ఫ్యాన్ మాత్రం పెట్టించండి."

పరాంకుశరావు శ్రద్ధగా విన్నాడు. ఒక్క ముక్క రాసుకున్నాడు. రెండో రోజు సామ్రాజ్యం బల్ల మీద మెమో ఉంది.

'విషయము: పేగులయందలి సూక్ష్మజీవుల నిస్సహకారము. వైద్యాధికారి అభిప్రాయము ప్రకారము, పథకము విఫలమగుటకు కారణము లబ్ధిదారు కడుపులోని సూక్ష్మజీవులేనని ఈ కార్యాలయము గ్రహించినది. ప్రభుత్వ పథకముతో సహకరించని సదరు సూక్ష్మజీవులపై తగు చర్య ఎందుకు తీసుకొనరాదో, వాటిని ఉదరమునందు ఉంచుకున్న మీరు మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

మస్తాన్‌బీ మెమో చదివి నుదురు కొట్టుకుంది.

"పేగులకి నోటీసా! ఏం రాస్తావక్కా?"

"వాళ్ల భాషలోనే రాస్తా."

సామ్రాజ్యం ఆ జిల్లాలో నోట్ రాయడంలో పేరున్న మనిషి. ఆమె రాసింది ఇది: సదరు సూక్ష్మజీవులు ఈ కార్యాలయ సిబ్బంది జాబితాలో లేవు. వాటికి నియామక ఉత్తర్వు గానీ, విధుల పట్టిక గానీ ఇవ్వలేదు. పథకం గురించి శిక్షణ ఇచ్చిన దాఖలా లేదు. వాటికి నేరుగా నోటీసు అందజేయకుండా, వాటి తరఫున జవాబు చెప్పే అధికారం తనకు ఎవరూ దఖలు పరచలేదు.

ఎగతాళి చేసిందని కోప్పడతాడేమోనని మస్తాన్‌బీ భయపడింది. పరాంకుశరావు రెండుసార్లు చదివి తలూపాడు.

"న్యాయపరంగా బలమైన పాయింటు. శిక్షణ లేకుండా చర్య తీసుకుంటే ట్రిబ్యునల్లో నిలబడదు. శిక్షణ కోసం పెరుగు ఇవ్వాలా, మజ్జిగ ఇవ్వాలా అన్నది తేల్చడానికి కమిటీ వేద్దాం. అప్పటిదాకా యథాతథ స్థితి."

యథాతథ స్థితి అంటే కొక్కెం.

మే మూడో వారంలో హైదరాబాదులో చదువుకుని విజయవాడలో పనిచేస్తున్న జాయింట్ డైరెక్టర్ నళినీబాల పథకాన్ని పరిశీలించడానికి వచ్చింది. సోయా సదస్సులో ప్రారంభోపన్యాసం ఆమెదే. నరసరావుపేటలో పథకం విజయవంతమైతే రాష్ట్రంలోని శాఖ ఆఫీసులన్నిటిలో అమలు చేయాలని ఆమె వచ్చింది. అమలు అంటే పాలు లోపలికి రావడం, ఫ్యాన్లు బయటికి పోవడం.

ఆమెను సామ్రాజ్యం కుర్చీలోనే కూర్చోబెట్టారు. లబ్ధిదారులు ఎదురుగా నిలబడ్డారు. పరాంకుశరావు గోడకు కట్టిన పటం మీద కర్రతో చూపిస్తూ చెప్పసాగాడు.

"పథకానికి ముందు తాపం, మేడమ్. పథకానికి తర్వాత తాపం, మేడమ్. ఈ గీత ఇక్కడ నేలకు తాకుతోంది. ఇప్పుడీ హాల్లో ఏ మహిళకూ ఉక్క అన్నదే తెలియదు."

నళినీబాలకు యాభై నాలుగేళ్లు. ఆమె మెడ దగ్గర ఎరుపు మొదలై పైకి పాకడం సామ్రాజ్యం చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. పెదవి మీద చెమట పట్టింది. నళినీబాల చేతిరుమాలు తీసి, అందరి వైపూ చూసి, తిరిగి పెట్టేసుకుంది. తల ఎత్తింది. కొక్కెం కనిపించింది. కళ్లు దించేసరికి సామ్రాజ్యం ఆమెనే చూస్తోంది.

"మేడమ్‌కి పాలు తీసుకురావయ్యా," అన్నాడు పరాంకుశరావు.

ఆమె పాలు తాగింది. సెగ తగ్గలేదు. తన నోటితో చెప్పిన ఉపన్యాసం వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి ఇంకో ప్యాకెట్ అడిగింది.

"మేడమ్," అంది సామ్రాజ్యం, "స్టోరు తనిఖీ కూడా చేస్తే బాగుంటదండి. సరుకు నిల్వ ఎట్టా ఉందో తమరు చూడాలి."

నళినీబాల రెండో ప్యాకెట్ చేత్తో పట్టుకుని వెంటనే లేచింది. పెట్టెలు కొన్ని బయటికి లాగించి ఇద్దరికి చోటు చేశారు. స్టాకు లెక్కకు సూపరింటెండెంట్ చాలు, మిగతావాళ్లు బయట ఉండండి అని ఆమె తలుపు వేసింది. ఫ్యాన్ కింద పెట్టె మీద కూర్చుని కొంగు వదులు చేసుకుంది. చేతిలోని ప్యాకెట్ తాగింది.

"మీకు ఎన్నాళ్లనుంచి?" అంది.

"రెండేళ్లండి. తమరికి?"

"మూడు. మా ఛాంబర్లో ఏసీ ఉంది కాబట్టి సోయా వల్లే తగ్గిందనుకున్నాను."

ఫ్యాన్ తిరిగింది. బయట పరాంకుశరావు తలుపు దగ్గర దగ్గాడు.

"చూడండి సామ్రాజ్యం గారూ," అంది నళినీబాల. "నేను పెట్టిన పథకం. పనిచేయలేదని నేను రాయలేను. మీరు నోట్ బాగా రాస్తారని విన్నాను. విజయవంతమైందని మీరు డ్రాఫ్టు రాయండి, నేను సంతకం పెడతాను. మిమ్మల్ని ఈ స్టోరుకి ఇన్‌చార్జి చేస్తాను. మీ బల్ల ఇక్కడికే మార్పిస్తాను. ఈ ఫ్యాన్ కింద రిటైరయ్యేదాకా మిమ్మల్ని ఎవరూ కదిలించరు."

సామ్రాజ్యం పైకి చూసింది. ఫ్యాన్ ఇక ఆమెదే. తలుపు అవతల మస్తాన్‌బీ అట్టముక్కతో విసురుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. రాష్ట్రంలో కొక్కేలకు ఇంకా ఫ్యాన్లు ఉన్న హాళ్లు ఎన్నో ఉన్నాయి. విజయవంతమని తను రాస్తే అన్నిచోట్లా నిచ్చెనలు వేస్తారు.

"విజయవంతమనే రాస్తానండి," అంది. "కాకపోతే ఎక్కడ విజయవంతమైందో కూడా రాయాలిగా. పద్ధతి ప్రకారం."

కాగితం అడిగి పాలపెట్టె మీద పెట్టుకుని రాసింది. ఒకే సరఫరాదారు ఇచ్చిన ఒకే రకం పాలు లబ్ధిదారులు హాల్లో ఉన్నప్పుడు తాగగా ఉపశమనం కలగలేదు. అవే పాలు స్టోరు గదిలో తాగగా ఉపశమనం కలిగింది. జాయింట్ డైరెక్టర్ వారు స్వయంగా రెండు చోట్లా సేవించి ఈ వ్యత్యాసమును ధ్రువీకరించినారు. రెండు చోట్లకూ తేడా ఫ్యాన్ ఒక్కటే. కావున సోయాలోని ఐసోఫ్లేవోన్లు ఫ్యాన్ గాలి తగిలినప్పుడే పూర్తిగా పనిచేయునని భావించవచ్చును. పథకము సంపూర్ణ ఫలితములు ఇచ్చుటకు ప్రతి లబ్ధిదారు బల్లపైన ఒక ఫ్యాన్‌ను అనుబంధ పరికరముగా మంజూరు చేయవలెను.

నళినీబాల చదివింది. ముందు పెదవులు బిగబట్టింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆమె నవ్వడం ఆఫీసులో ఇంకెవరూ చూడలేదు, తలుపు వేసి ఉంది కాబట్టి. పెన్ను తీసి సంతకం పెట్టింది.

జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. 'సోయా సహాయక పంకా' అని దానికి పేరు పెట్టారు. రాష్ట్రంలో ఎక్కడా ఫ్యాన్ దించలేదు సరికదా, ఇదివరకు ఎన్నడూ లేని చోట బిగించారు. పేటలో మూడో నంబరు తిరిగి సామ్రాజ్యం కొక్కేనికి వచ్చింది. మస్తాన్‌బీ తల మీద కొత్తది తిరిగింది. సీనియారిటీ లేనివాళ్లకు ఫ్యాన్ వచ్చినందుకు మగవాళ్లు యూనియన్‌లో తీర్మానం చేశారు, చేశాక కుర్చీలు ఇటువైపు జరుపుకున్నారు. ఐసోఫ్లేవోన్లకు గాలితో ఉన్న సంబంధాన్ని కనుగొన్నందుకు పరాంకుశరావుకు ఆగస్టు పదిహేనున ప్రశంసాపత్రం ఇచ్చారు.

సెప్టెంబరులో నిధులు అయిపోయి పాలు ఆగిపోయాయి. వారం తిరక్కుండానే ఏడుకొండలు నిచ్చెనతో వచ్చాడు.

"ఇప్పుడేందయ్యా?" అంది సామ్రాజ్యం.

"ఫ్యాన్ పాలకి అనుబంధమంటండి. పాలు లేవు గాబట్టి అనుబంధం దించమన్నారు. నన్నేం చెయ్యమంటారు మేడమ్, నేను నిచ్చెన మోసేవాణ్ని."

సామ్రాజ్యం ఉత్తర్వు తెప్పించి మొదటినుంచి చదివింది. లేచి బస్టాండు ఎదురు దుకాణానికి వెళ్లింది. ఒక సోయా పాల ప్యాకెట్ కొనుక్కొచ్చి బల్ల మీద, ఏడుకొండలుకు కనపడేలా పెట్టింది. మస్తాన్‌బీ ఇంకోటి తెచ్చుకుంది. ఏడుకొండలు ప్యాకెట్ల వైపు చూశాడు, ఫ్యాన్ వైపు చూశాడు, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ప్యాకెట్లు ఇప్పటికీ బల్లల మీదే ఉన్నాయి. ఒకటీ రెండుసార్లు ఉబ్బితే మార్చారు. పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్లు ముందు ప్యాకెట్ చూసి, తర్వాత ఫ్యాన్ చూసి, రెండూ ఉన్నట్టు రాసుకుని వెళ్తారు. లబ్ధిదారు పాలు కలిగి ఉండవలెనని ఉత్తర్వులో ఉంది. తాగవలెనని లేదు.